పెద్ద పేరా

మా తమ్ముడి ఊపిరి కరెంటు మీద నడుస్తోంది. మంచం పక్కన మోకాలెత్తు మిషను, దాని మీద నీళ్ళ సీసా, సీసాలోంచి సన్నటి గొట్టం, గొట్టం కొస వాడి ముక్కులో. ఆ మిషను గదిలోని గాలిని పీల్చి, అందులోంచి ఆక్సిజన్ వేరుచేసి వాడికి అందిస్తుంది. గొట్టం తీస్తే పది నిమిషాల్లో పెదాలు నీలం తిరుగుతాయి. ఆ తర్వాత ఏమవుతుందో నేను చూడలేదు. చూసే ధైర్యమూ లేదు.

రాళ్ళ క్రషర్‌లో పద్నాలుగేళ్ళు పనిచేశాడు. రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందని డాక్టరు చెప్పాడు. పనిలోంచి పంపేటప్పుడు క్రషర్ మేనేజరు ఒక కాగితం ముందు పెట్టి, నా జబ్బుకు కారణం బీడీలు అని సంతకం చేస్తే ఆర్నెల్ల జీతం ఇప్పిస్తానన్నాడు. మావాడు బుద్ధెరిగాక బీడీ ముట్టిన పాపాన పోలేదు. "అబద్ధం కింద నా పేరు రాయను" అని ఉత్త చేతులతో ఇంటికొచ్చాడు. ఆ రోజు వాణ్ణి తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాను. నా నోరు మంచిది కాదు, నాకూ తెలుసు. లోపల మాత్రం, ఒరేయ్, నువ్వు నా తమ్ముడివిరా అనుకుని మురిసిపోయాను.

మిషను మాది కాదు. ప్రభుత్వాసుపత్రిది. మూడు నెలలకని ఇచ్చారు. గడువు తీరేలోపు సంక్షేమ కార్యాలయానికి అర్జీ పెట్టుకుంటే ఇంకో మూడు నెలలు పొడిగిస్తారు. అక్కణ్ణుంచి కాగితం రాకపోతే ఆసుపత్రి బండి వచ్చి మిషను పట్టుకుపోతుంది. ఆ మాట విని నేను నవ్వాను. అర్జీకి భయపడేదాన్నా నేను? ఆ కార్యాలయం మెట్ల కింద బల్ల, కంప్యూటరు, ప్రింటరు పెట్టుకుని పదకొండేళ్ళయింది. అర్జీలు కొట్టడమే నా బతుకు.

అక్కడ అందరూ నన్ను రాజ్యాంగం అక్క అంటారు. నాకు టైపు నేర్పిన ముసలి ప్లీడరుగారు పోయేముందు తన రాజ్యాంగం పుస్తకం నా చేతిలో పెట్టాడు. ప్రభుత్వం జనానికి ఏమేం చేయాలో అందులో ఒక భాగమంతా రాసి ఉంది. పని దొరకనివాళ్ళకు, ముసలివాళ్ళకు, జబ్బుపడ్డవాళ్ళకు, కాలూచెయ్యీ ఆడనివాళ్ళకు రాజ్యం అండగా నిలవాలని, జనం ఆరోగ్యం చూసుకోవడం తన మొదటి పనుల్లో ఒకటిగా పెట్టుకోవాలని. మొదటిసారి చదివినప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఇంత మంచి మాటలు పుస్తకంలో పెట్టుకుని మనం మెట్ల కింద చేతులు కట్టుకుని నిలబడతామేంటి అనిపించింది. వాటన్నిటినీ కలిపి ఎనిమిది లైన్ల పేరా చేశాను. నల్లటి అక్షరాల్లో, చుట్టూ గీతల పెట్టె కట్టి, ఎఫ్ సెవెన్ మీట నొక్కగానే పడేట్టు పెట్టుకున్నాను. ఏ అర్జీ అయినా సరే, దాని మధ్యలో ఆ పేరా ఉండాల్సిందే.

జనానికి అదంటే ఎంత నమ్మకమో. చదువు రానివాళ్ళు కూడా "పెద్ద పేరా పడిందా అక్కా?" అని అడిగి, ఆ పెట్టె మీద వేలు పెట్టి చూసుకునేవాళ్ళు. "పడింది పో, ఇంక పెద్దాఫీసరే దిగి రావాలి" అనేదాన్ని. వాళ్ళు నవ్వుకుంటూ మెట్లెక్కేవాళ్ళు. తలెత్తుకుని ఎక్కేవాళ్ళు. నాకు అది చాలు.

తమ్ముడి అర్జీకి మాత్రం ఎనిమిది లైన్లతో సరిపెట్టలేదు. రెండు పేజీలు రాశాను. రాతిపొడి గురించి, పద్నాలుగేళ్ళ గురించి, రాజ్యం బాధ్యత గురించి. దయ అనే మాట ఎక్కడా లేకుండా చూసుకున్నాను. ఇంటికి తెచ్చి చదివి వినిపిస్తే వాడు కళ్ళు మూసుకుని విన్నాడు.

"మళ్ళీ చదువు," అన్నాడు.

"ఏం, పాటనుకున్నావా?"

"చదువక్కా. బాగుంది." ఊపిరి తీసుకుని, "అడుక్కున్నట్టు లేదు," అన్నాడు.

మళ్ళీ చదివాను. వారం తిరిగేసరికి వాడికి అందులోని పెద్ద పేరా మొత్తం నోటికొచ్చేసింది.

అర్జీ పెట్టిన పది రోజులకు ఉత్తరం వచ్చింది. 'మీ అమూల్యమైన సూచనకు కృతజ్ఞతలు. అది పరిశీలనలో ఉన్నది.' అలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు. ఏడాదిన్నరగా నేను అర్జీ కొట్టిచ్చిన వాళ్ళందరికీ వస్తున్నాయి. పట్టుకొచ్చి చూపిస్తే, "పరిశీలనలో ఉందన్నారంటే ఫైలు కదిలినట్టే, ఓపిక పట్టండి" అని చెబుతున్నాను. మరీ సతాయిస్తే, "ఊరికే కూర్చుంటే వస్తుందా, తిరగాలి" అని కసురుకునేదాన్ని. మా ఉత్తరాన్ని మాత్రం తమ్ముడి మంచానికి ఎదురుగా గోడకు అంటించాను. ఆ రోజు ఇద్దరం పండగ చేసుకున్నంత పని చేశాం.

బుధవారం మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి ఫోన్. "మీకు పొడిగింపు రాలేదమ్మా. శుక్రవారం పొద్దున బండి పంపిస్తున్నాం. మిషను తుడిచి పెట్టండి."

"రాకపోవడమేంటండీ? పరిశీలనలో ఉందని ఉత్తరం ఇచ్చారు!"

"మాకేం రాలేదు." ఫోన్ పెట్టేశాడు.

తమ్ముడికి చెబితే వాడు నవ్వాడు. గోడ మీది ఉత్తరం వైపు చెయ్యి చూపించి, "రాజ్యాంగం ఉంది కదే. ఎవడు పట్టుకెళ్తాడు?" అన్నాడు.

గురువారం ఆఫీసు తలుపులు తీయకముందే గుమ్మంలో ఉన్నాను. పదకొండేళ్ళుగా ఆ మెట్ల కిందే ఉన్నానుగానీ పైకెక్కింది తక్కువ. నా పని కాగితం చేతికివ్వడం వరకే. కింద మూడో గదిలో పొడిగింపుల గుమస్తా రిజిస్టరు తిప్పి చూసి, తమ్ముడి పేరే లేదన్నాడు. నంబరు చెబితే, "ఓ, అది పైన విధాన విభాగానికి పోయింది" అన్నాడు.

విధాన విభాగం అంటే రెండో అంతస్తులో ఒకే ఒక గది. ఒక బల్ల, నాలుగు ఇనప బీరువాలు, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ ఒక గుమస్తా. మందమైన కళ్ళజోడు. నేను చెప్పిందంతా విని, లేచి ఒక బీరువా తెరిచాడు.

లోపల కట్టలు. కట్టలన్నీ దారాలతో కట్టి ఉన్నాయి. పైన కనబడే ప్రతి కాగితం మధ్యలోనూ నల్లటి అక్షరాలు, వాటి చుట్టూ గీతల పెట్టె.

నా పేరా.

"ఇవన్నీ... ఇక్కడెందుకున్నాయి?"

"రాసింది నువ్వేనామ్మా?" అన్నాడాయన. "ఎవరో గొప్ప చదువరి అనుకున్నాను." ఎగతాళి కాదు, నిజంగానే అన్నాడు. "ఏడాదిన్నర కింద సర్క్యులర్ వచ్చింది. రాజ్యాంగంలోని ఆదేశిక సూత్రాలను ప్రస్తావించిన అర్జీలు వ్యక్తిగత అర్జీలు కావు, విధానం మీద సూచనలు, కాబట్టి ఈ విభాగానికి పంపాలని. ఏడాదికోసారి కమిటీ కూర్చుని చదవాలి. ఇంకా కూర్చోలేదు. ఈలోపు అందరికీ కృతజ్ఞతలు చెబుతూ ఉత్తరం రాయడం నా పని."

"సూచన ఏంటండీ? మా తమ్ముడికి ఊపిరి అందడం లేదు. అది సూచనా?"

"నీ తమ్ముడి ఊపిరి కింద మూడో గదిలో అరగంట పనమ్మా. ఒక్క పేజీ రాసి, దయచేసి గడువు పొడిగించండి అంటే ఆ రోజే ముద్ర వేసేవాళ్ళు. రాజ్యం బాధ్యత అన్నావు చూశావా, అప్పుడది పైకొచ్చింది."

"తప్పు రాశానా? పుస్తకంలో లేదా?"

"ఉంది. కానీ ఈ సూత్రాలు ప్రభుత్వానికి దారి చూపడానికి. నువ్వు కోర్టుకెళ్ళి ఇవి చేయించండి అంటే కోర్టు చేయించలేదు. అది కూడా అదే పుస్తకంలో ఉంది." కాగితం దగ్గరగా పెట్టుకుని చదివి, "ఇంకోటి. రాజ్యం తన శక్తి మేరకు అని ఉంటుందమ్మా అసల్లో. ఆ రెండు మాటలు మింగేశావేం?" అన్నాడు.

మింగేసిన మాట నిజమే. అవి పెడితే పేరా బలం తగ్గుతుందని నేనే తీసేశాను. ఎంతమందివి ఉన్నాయని అడిగితే లెక్కపెట్టలేదన్నాడు. నేనూ లెక్కపెట్టలేదు. ఏడాదిన్నర. రోజుకు నాలుగో ఐదో. వితంతు పింఛన్లు, మందులు, కాలు పోయినవాళ్ళ బండ్లు. వాళ్ళందరి నెత్తిన నేను నా చేత్తో, ఎఫ్ సెవెన్ మీట నొక్కి, మట్టి పోశాను. పైగా తిరగాలని కసురుకున్నాను. ఛీ, నా నోరు పడిపోను.

"ఇప్పుడేం చెయ్యమంటారు? రేపు పొద్దున బండి వస్తుంది."

ఆయన ఒక తెల్ల కాగితం నా ముందు పెట్టాడు. "ఇది ఉపసంహరణ. హక్కుగా ఏమీ కోరడం లేదు, ముందు పెట్టింది వెనక్కి తీసుకుంటున్నాను అని రాయాలి. దాని కింద కొత్త అర్జీ. రెండింటి మీదా అర్జీదారు సంతకం. ఆయన్ని తీసుకురాగలవా?"

"గొట్టం తీస్తే పది నిమిషాలండీ. మీ మెట్లు ముప్పై ఎనిమిది."

అది ఒక కారణం. రెండోది ఆయనకు చెప్పలేదు. కాగితాలు ఇంటికి తీసుకెళ్తే తమ్ముడు సంతకం పెట్టడు. బీడీల కాగితం మీద పెట్టనివాడు దీనిమీద పెడతాడా? చస్తే పెట్టడు. ఆ మాట ఊరికే అనడం లేదు.

గుమస్తా కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడవడం మొదలెట్టాడు. "ఇది తీస్తే నాకేం కనబడదమ్మా," అన్నాడు. తుడుస్తూనే ఉన్నాడు.

నేను రాశాను. హక్కుగా ఏమీ కోరడం లేదని రాశాను. తమరి దయ అని రాశాను, దయతలచి అని ఇంకోసారి రాశాను. కింద తమ్ముడి సంతకం పెట్టాను. వాడు బళ్ళో చేరినప్పుడు పలక మీద పేరు దిద్దించింది నేనే. మొదటి అక్షరానికి వాడు పెట్టే వంకర కూడా నాకు తెలుసు. ఆ వంకరతో సహా పెట్టాను.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని, కాగితాలు తీసుకుని, తనే కిందికి దిగి మూడో గదికి నడిచాడు. అరగంట కూడా పట్టలేదు. ముద్ర పడింది. మూడు నెలలు.

బయటికొచ్చి నా బల్ల ముందు కూర్చున్నాను. ముందుగా ఎఫ్ సెవెన్ మీటలోంచి పేరా తీసేశాను. తర్వాత నా దగ్గర ఫోన్ నంబర్లున్న వాళ్ళందరికీ ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. కొన్ని మోగి మోగి ఆగిపోయాయి. ముగ్గురు రేపే వస్తామన్నారు. ఒకావిడ మాత్రం అంతా విని, "ఇంక అవసరం లేదులే తల్లీ" అంది. భర్త మందుల కోసం వచ్చిందావిడ.

శుక్రవారం ఆసుపత్రి బండి వచ్చింది. కాగితం చూపిస్తే డ్రైవరు తల గీరుకుని వెళ్ళిపోయాడు. తమ్ముడి ముఖం చూడాలి అప్పుడు! ఎముకలగూడులా ఉన్నవాడు దిండుకు ఆనుకుని రాజులా కూర్చున్నాడు.

"చూశావా?" అన్నాడు. "పేరా పెట్టినందుకే కదా?"

"ఆఁ," అన్నాను.

"మరి ఊరికే కంగారుపడ్డావు. చిన్నపిల్లలా ఏడ్చావు."

"సర్లే, ఎక్కువ మాట్లాడకు. ఆయాసం వస్తుంది."

వాడు మాట్లాడకుండా ఉంటేగా. పాలు పోసేవాడికి చెప్పాడు. పక్కింటి ముసలాయనకు చెప్పాడు. ఎవరి దయా కాదు, చట్టప్రకారం వచ్చిందని. నేను వంటగదిలో నిలబడి వింటున్నాను. చెబుదామని గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్ళాను. ఒకసారి కాదు, రెండు మూడుసార్లు. అంత సంతోషంగా వాణ్ణి చూసి ఎన్నాళ్ళయిందో. ఉండనీలే పాపం అనుకున్నాను. మూడు నెలలు ఉండనీ.

మూడు రోజులే ఉంది. సోమవారం మధ్యాహ్నం భోజనానికి ఇంటికొస్తే పొడుగోడు వచ్చి కూర్చున్నాడు. క్రషర్‌లో తమ్ముడి పక్కనే నిలబడి యంత్రంలోకి రాళ్ళు ఎత్తిపోసిన మనిషి. ఒకప్పుడు మా గుమ్మంలోకి వంగి వచ్చేవాడు. ఇప్పుడు వంగే ఉన్నాడు. మాటకూ మాటకూ మధ్య దగ్గుతున్నాడు. డాక్టరు వాడికి కూడా మిషను పెట్టాలన్నాడట. ఆసుపత్రిలో మిగిలింది ఒక్కటే. ఈ సాయంత్రం లోపు సంక్షేమ కార్యాలయంలో అర్జీ పెట్టి ముద్ర తెస్తే వాడికే, లేదంటే తర్వాత వచ్చినవాళ్ళకు.

"కరెక్టుగా వచ్చావురా," అన్నాడు తమ్ముడు. "మా అక్క ఉండగా నీకేం భయం? అక్కా, కాగితం తీయి. పెద్ద పేరా పెట్టు."

"బల్ల దగ్గరికి వెళ్ళి కొడతాలేరా," అన్నాను.

"ఎందుకూ? చేత్తో రాసినా తీసుకుంటారన్నావు కదా. నేను చెప్తా, రాయి." నా మొహం చూసి, "పరీక్ష పెట్టు, ఒక్క మాట తప్పను," అని నవ్వాడు.

కాగితం తీశాను. వేరే దారి లేకపోయింది. పొడుగోడి పేరు, వయసు, జబ్బు రాశాను. తమ్ముడు కళ్ళు మూసుకుని మొదలెట్టాడు. "పని లేనివారికి... వృద్ధులకు..." గాలి పీల్చుకున్నాడు. "జబ్బుపడినవారికి..." మిషను గురగురమంటోంది. ఒక్కో మాటకు వాడి మెడ దగ్గర నరాలు లేస్తున్నాయి. ఉన్న కాస్త ఊపిరినీ స్నేహితుడి కోసం ఖర్చుపెడుతున్నాడు. పొడుగోడు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని భక్తిగా వింటున్నాడు.

నా పెన్ను ఆగిపోయింది.

"రాయవేం?"

"రాయలేనురా."

"ఏం?"

"ఇది రాస్తే వీడికి మిషను రాదు."

చెప్పేశాను. బీరువా, కట్టలు, సర్క్యులర్, గోడ మీది ఉత్తరానికి అసలు అర్థం, మందుల కోసం వచ్చినావిడ, అన్నీ. చెబుతూ ఏడ్చాను, ఏడుస్తూ నన్ను నేనే తిట్టుకున్నాను.

అంతా విని తమ్ముడు, "సంతకం ఎవరు పెట్టారు?" అన్నాడు.

"నేనే."

"నాలాగే వచ్చిందా?"

"వచ్చింది."

"దయ అని రాశావా?"

"రాశాను."

"ఎన్నిసార్లు?"

"రెండుసార్లు."

వాడి చెయ్యి ముక్కు దగ్గరి గొట్టం మీదికి పోయింది. ఒక్క ఉదుటున వెళ్ళి మణికట్టు పట్టుకున్నాను. "వద్దురా, నీకు దణ్ణం పెడతాను. కావాలంటే నన్ను కొట్టు. నన్ను చంపు. అది మాత్రం తీయకు."

వాడు నా చెయ్యి విడిపించుకోలేదు. విడిపించుకునే బలమూ లేదు. నా వేళ్ళ కింద వాడి నాడి పిట్టగుండెలా కొట్టుకుంటోంది. "దురద పుట్టిందే," అన్నాడు మెల్లగా. నిజమో కాదో నాకు ఈనాటికీ తెలియదు.

పొడుగోడు దగ్గు ఆపుకుంటూ మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "నాకేం అర్థం కాలేదక్కా," అన్నాడు. "ఇంతకీ రాస్తారా, రాయరా? టైమెంతయింది?"

గోడ గడియారం మూడున్నర దాటింది. పొడుగోడే తల తిప్పి చూసుకున్నాడు. చూడగానే మళ్ళీ దగ్గు తెర వచ్చింది, ఈసారి ఆగలేదు. కుర్చీ పట్టుకుని వంగిపోయాడు. అలాంటి దగ్గు ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో మా ఇంట్లో మాకు బాగా తెలుసు. తమ్ముడు వాణ్ణి చూస్తూ ఉన్నాడు.

"వాడికి పేరా వద్దులే అక్కా," అన్నాడు. "దయ అని రాయి."

నేను పెన్ను కింద పెట్టేశాను.

"రాయి. మూడుసార్లు రాయి."

మొదటి కాగితం మడిచి పక్కన పెట్టి, కొత్తది తీశాను. తమ్ముడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. గొట్టం మెడ కింద నలగకుండా సర్దబోతే నా చెయ్యి తోసేసి తనే సర్దుకున్నాడు.

"ఐదింటికి మూసేస్తారు," అన్నాడు అటువైపు నుంచే. "తొందరగా కానివ్వు."